ముందుగా ఆరోగ్యవంతుల మీద

ఎవరు ఎవర్ని ప్రేమించాలో తేల్చే పని మా శాఖ నెత్తికి ఎందుకు చుట్టుకుందో నాకిప్పటికీ అర్థం కాదు. అంతకుముందు మా సెక్షన్లో చూసినవి దోమల మందు పిచికారీ, కుక్కకాటు సూదుల సరఫరా. ఓ సోమవారం పొద్దున్న కొత్త ఫైలు తెచ్చి నా బల్లమీద పడేసి, ఇకనుంచి ఇదీ మీదేనన్నారు. జీతం తీసుకునేవాళ్ళం, కాదంటే కుదురుతుందా?

నా పేరు బాలాత్రిపురం. ఆ సెక్షన్ సూపరింటెండెంటుని. ఎదురుగా త్రిపురమ్మగారంటారు. వెనకాల ఏమంటారో నాకు తెలుసు, నాకేం బాధ లేదు.

సంగతేమిటంటే, మధూలిక అని ఓ పిల్ల. ఇరవై నాలుగేళ్ళు, ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. సత్యవేణి అనే ఆర్టీసీ కండక్టరు పిల్లతో కలిసి కాపురం ఉంటోంది. కాపురం అన్న మాట నేను కల్పించింది కాదు, సత్యవేణి కోర్టులో నిలబడి అన్న మాటే. ఈ సంగతి తెలిసి మధూలిక తండ్రి వరాహమూర్తిగారు మంచి మాటలు చెప్పి కూతుర్ని కారెక్కించి, తిన్నగా తీసుకెళ్ళి 'స్వస్థమతి సన్మార్గ కేంద్రం'లో దింపేశారు. బయట గేటుకి తాళం. లోపల ఆచార్యులుగారి వైద్యం.

ఈ ఆచార్యులుగారి బోర్డు మీద డాక్టర్ అని ఉంటుంది. దేనికి డాక్టరో రాయడానికి బోర్డు మీద చోటు చాల్లేదు. ఆయన వైద్యం చాలా తేలిక. రోగి చేతికి వైరు కడతారు. ప్రేమించిన మనిషి ఫొటో ఎదురుగా పెడతారు. ఫొటో చూడగానే కరెంటు ఇస్తారు. "చిన్నదేనండి, చీమ కుట్టినట్టుంటుంది" అంటారు. ఆ చీమ ఆయన్నెప్పుడైనా కుట్టిందో లేదో ఎవరూ అడగలేదు.

సత్యవేణి కోర్టుకెక్కింది. జడ్జిగారు ప్రభుత్వాన్ని సూటిగా ఒక్కటే అడిగారు. ఇది వైద్యమా, కాదా? వైద్యమైతే అనుమతి పత్రం చూపించండి, కాకపోతే ఆ అమ్మాయిని తెచ్చి నా ముందు నిలబెట్టండి అన్నారు. ప్రభుత్వం అలవాటు ప్రకారం గడువడిగింది. అలా పుట్టింది మా 'మనోప్రవృత్తి సవరణ చికిత్సల పరిశీలన సంఘం'. మేం తేల్చేదాకా ఆ పిల్ల తాళం లోపలే.

ఆ పిల్లనే పిలిచి అడిగితే పోయేది కదా అనిపిస్తోంది కదూ? నాకూ అనిపించింది. అదే అన్నాను. మా సంఘం అధ్యక్షులు గంటి విశ్వంభరంగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన రిటైరైన సంచాలకులు. కళ్ళు మూసుకుంటేగానీ ఆయనకి మాట రాదు.

"త్రిపురమ్మగారూ! రోగిని అడిగి రోగమును నిర్ణయించు సంప్రదాయము ఏ శాఖయందునూ లేదు" అన్నారు.

మొదటి సమావేశం నాడు పునుగులు, అల్లం చట్నీ తెప్పించాం. ఆచార్యులుగారు శాలువా కప్పుకుని వచ్చారు. పిటిషన్ వేసిన మనిషి కాబట్టి సత్యవేణికీ ఓ మూల కుర్చీ వేశాం. డ్యూటీలోంచి తిన్నగా వచ్చినట్టుంది, ఖాకీ చొక్కా, ఒళ్ళో టిక్కెట్ల మిషను. పునుగులు ప్లేటు ఇస్తే వద్దంది.

ఆచార్యులుగారు తన వైద్యం గొప్పతనం గంటసేపు చెప్పారు. ఎంతమంది దారిలో పడ్డారో, ఎన్ని కుటుంబాలు కన్నీళ్ళతో ఆయన కాళ్ళమీద పడ్డాయో అన్నీ చెప్పారు. విశ్వంభరంగారు కళ్ళు మూసుకుని తల పంకించారు. అనుమతి ఇచ్చేద్దామా అన్నట్టు పెన్ను మూత తీశారు. ఆ సంతకం పడిందంటే ఆ పిల్ల ఇంక బయటికి రాదు.

అప్పుడు ఎస్తేరు రాణి చెయ్యెత్తింది.

ఎస్తేరు రాణి మందుల తనిఖీ విభాగం నుంచి వచ్చిన సభ్యురాలు. ఆవిడకి ప్రేమ, పెళ్ళి, కోపం, దయ ఇవేవీ పట్టవు. రూలు పడుతుంది. రూల్లో ఉంటే గడ్డపెరుక్కైనా లేబుల్ అంటిస్తుంది. అంతకుమించి ఆవిడ మనసులో ఏ కుట్రా లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"అయ్యా, కొత్త చికిత్స ఏదైనా ముందుగా ఆరోగ్యవంతుల మీద వేసి చూడాలండి. తర్వాతే రోగుల మీద. జ్వరం బిళ్ళకైనా అంతే" అంది.

రూలు కదా, కాదనేవాళ్ళెవరు? "సముచితమే" అన్నారు విశ్వంభరంగారు. ఆచార్యులుగారు కూడా దానికేముందండీ అన్నారు. మా సభ్య కార్యదర్శి, ఉపసంచాలకులు కొమరగిరి భాస్కరంగారు చాలా నెమ్మదైన మనిషి. ఆయన చట్నీలో ముంచిన పునుగుని చేత్తో పట్టుకుని నెమ్మదిగానే అడిగారు.

"ఆరోగ్యవంతులంటే ఇక్కడ ఎవరమ్మా?"

"ఈ రోగం లేనివాళ్ళు సార్. అంటే ఆడవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళు, మగవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళు."

"వాళ్ళకి ఈ వైద్యం చేస్తే ఏమవుతుంది?"

"మంచి వైద్యమైతే వాళ్ళ ఇష్టం మారుతుంది సార్. మారకపోతే ఇది వైద్యం కాదు."

అందరూ ఆచార్యులుగారి వైపు తిరిగారు. పాపం, ఆయన ఇరుక్కుపోయారు. ఆరోగ్యవంతుల మీద పనిచెయ్యదంటే వైద్యానికి శక్తి లేదని రాసుకుంటాం. పనిచేస్తుందంటే... అయినా మనిషికి గొప్పలు చెప్పుకోవడం అలవాటైపోతే నోరు ఆగదు కదండీ.

"నా వైద్యానికి తిరుగులేదండి!" అన్నారు శాలువా సర్దుకుంటూ. "భార్య ఫొటో చూపించి కరెంటిస్తే ఎంతటి మగాడికైనా భార్య మీద మోజు పోవలసిందే. మగవాళ్ళ వైపు మళ్ళవలసిందే."

"మళ్ళీ వెనక్కి తేగలరా?" అన్నారు భాస్కరంగారు.

"రెండో విడతలో చూద్దామండి."

మూల కుర్చీలో సత్యవేణి మొదటిసారి నవ్వింది. పైకి వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

స్వచ్ఛందంగా ముందుకు వచ్చే ఆరోగ్యవంతులు కావాలని నోటీసు అంటించాం. ఒక్కరూ రాలేదు. మా ఆఫీసు మగాళ్ళు టీ కొట్టు దగ్గర చెప్పుకునే వీరగాథలు నేనెరుగుదును. ఆ వీరులంతా నోటీసు బోర్డు దగ్గరికొచ్చేసరికి తల అటు తిప్పుకుని వెళ్ళడం మొదలెట్టారు. ఇద్దరు దీర్ఘకాలిక సెలవు పెట్టారు. ఒకడు తనకి గుండెజబ్బని తనే చెప్పుకుని తిరిగాడు.

"కిందిస్థాయి సిబ్బందిని నియోగించవచ్చును" అన్నారు విశ్వంభరంగారు. అటెండరు సూరన్నని పిలిచారు. సూరన్న చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

"నేను ఆరోగ్యవంతుణ్ణని కాయితమేదైనా ఉందాండి? రేపొద్దున్న ఆడిట్లో అడుగుతారు కదండీ" అన్నాడు.

ఎస్తేరు రాణికి ఈ మాట బాగా నచ్చింది. నిజమే, ధ్రువీకరణ లేని ఆరోగ్యవంతుణ్ణి పరీక్షలోకి తీసుకోవడం నేరం. మరి ఫలానా మనిషి ఇష్టం సవ్యంగా ఉందని ధ్రువీకరించేదెవరు? మన దేశంలో దేన్నైనా ధ్రువీకరించేది గెజిటెడ్ అధికారే. సూరన్న ఇష్టానికి సంతకం పెట్టమంటే ఏ గెజిటెడ్ అధికారీ ముందుకు రాలేదు. వాడి మనసులో ఏముందో మాకేం తెలుసన్నారు. మధూలిక మనసులో ఏముందో మాత్రం అందరికీ తెలుసు! నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి విశ్వంభరంగారే దారి చూపించారు. గెజిటెడ్ అధికారి తన సంతకం తనే పెట్టుకోగలడు కాబట్టి, ఎవరి ధ్రువీకరణా అక్కర్లేని ఆరోగ్యవంతుడు గెజిటెడ్ అధికారి ఒక్కడేనని తీర్మానించారు. తీర్మానం చదువుతుండగానే ఎస్తేరు రాణి, పరీక్షని తనిఖీ చేసే తనలాంటివాళ్ళు పరీక్షలో కూర్చోకూడదంది. అది రూలే. విశ్వంభరంగారు రిటైరయ్యారు కాబట్టి ఆయన సంతకం చెల్లదు. రిటైరైనందుకు ఆయన అంత సంతోషించడం నేనెప్పుడూ చూళ్ళేదు.

ఇక సంఘంలో మిగిలిన గెజిటెడ్ అధికారి భాస్కరంగారొక్కరే. ఆయన మొహం పాలిపోయింది.

విధివిధానాల ప్రకారం మర్నాడే ఆయన ఇంటికి తాఖీదు వెళ్ళింది. ఆయన భార్య హైమవతిగారి ఫొటో ఒకటి కావాలని, అది భర్తకి అన్నిటికంటే ఇష్టమైన ఫొటో అయి ఉండాలని, వెనకవైపు భర్త చేత సంతకం చేయించి పంపాలని.

హైమవతిగారు ఫొటో పంపలేదు. తనే వచ్చారు. వస్తూనే చెప్పులతో సహా అధ్యక్షులవారి గదిలోకి వెళ్ళిపోయారు. వెనకాలే నేను.

"ఏవండీ, మా ఆయన్ని మార్చేస్తారటగా?"

"అమ్మా, ఇది ప్రజాహితము దృష్ట్యా చేపట్టిన..."

"ప్రజాహితమూ లేదు, మీ బొందా లేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మనిషి చేత తడి తువ్వాలు దండెం మీద వేయించలేకపోయాను. అన్నం తిన్న కంచం తియ్యడం నేర్పలేకపోయాను. నావల్ల కానిది మీ వైరు వల్ల అవుతుందా?"

"అవ్వదని మీరు భావిస్తున్నట్లయితే ఆందోళన దేనికమ్మా?" అన్నారు విశ్వంభరంగారు కళ్ళు మూసుకునే.

హైమవతిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"సాయంత్రం గేటు తీసి లోపలికొస్తూ నన్ను చూసి నవ్వుతారండీ. ఇన్నేళ్ళైనా ఆ నవ్వు అలాగే ఉంది. నాకున్న ఆస్తి అదొక్కటే. నా మొహం చూపించి కరెంటు పెడితే రేపు నన్ను చూసి ఉలిక్కిపడతారు. మీకేం పోయిందండీ, కాపురం నాది" అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

విశ్వంభరంగారు కళ్ళు తెరిచారు. నేను ఆ శాఖలో చేరాక మాటల మధ్యలో ఆయన కళ్ళు తెరవడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే సంఘం కూర్చుంది. అభ్యంతరం ఉన్న అభ్యర్థి తన వాదన స్వయంగా చెప్పుకోవచ్చని రూలుందిట, ఎస్తేరు రాణే వెతికి చెప్పింది. సత్యవేణి మళ్ళీ అదే మూల, అదే ఖాకీ చొక్కా. ఆచార్యులుగారు వైర్ల సంచీతో సహా వచ్చారు. భాస్కరంగారు లేచి నిలబడ్డారు. కాగితం చదవబోయి, అక్షరాలు కనపడక పక్కన పెట్టేశారు.

"అయ్యా, నేనిది కావాలని తెచ్చుకున్నది కాదండి. పదో తరగతిలో ఉండగా మా వీధిలో ట్యూషనుకెళ్ళే ఓ అమ్మాయి నన్ను చూసి నవ్వితే చెమటలు పట్టేశాయి. నాకెవరూ నేర్పలేదు. మా ఇంట్లో ఎవరూ ప్రోత్సహించలేదు. మా నాన్నగారు బెల్టు పెట్టి కొట్టారు కూడానండి. అయినా పోలేదు. నేను పుట్టడమే ఇలా పుట్టాను. ఇందులో నా తప్పేం లేదు."

ఆయన మంచినీళ్ళు ఓ గుక్క తాగారు.

"హైమంటే నాకు ప్రాణం సార్. ఆవిడ ఫొటో చూపించి కరెంటు పెడితే నేను ఆవిణ్ణి చూసి భయపడతానేమోగానీ, ఇంకెవర్నో ప్రేమించను. అది మారడం కాదు సార్, విరిగిపోవడం. నేనెవరికీ హాని చెయ్యలేదు. నా ఇంట్లో నేను బతుకుతున్నాను. దయచేసి నన్నిలాగే వదిలెయ్యండి."

విశ్వంభరంగారు జేబురుమాలు తీశారు. ఎస్తేరు రాణి కూడా కళ్ళద్దాలు తుడుచుకుంది. నేనూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను, అబద్ధం ఎందుకు? అంత చక్కగా, అంత నిజంగా మా ఆఫీసులో ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు.

మూల కుర్చీ కిర్రుమంది. సత్యవేణి లేచింది.

"నాదొక మాటండి. అయ్యగారు ఇప్పుడు చెప్పింది చాలా బాగుందండి. నేను కోర్టులో చెప్పింది కూడా ఇదేనండి. మా నాన్న బెల్టు కాదు, చీపురుకట్ట తీశాడు, అదొక్కటే తేడా. నేను చెప్తే రోగం అని రాసుకున్నారు. ఆయన చెప్తే అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారేంటండి?"

బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు అది. ఆ గొంతుతో అడిగి, జవాబు కోసం నిలబడింది. భాస్కరంగారు ఆ పిల్ల వైపు చూసి, తల దించుకున్నారు. ఇక అయిపోయింది, మధూలిక ఇంటికొచ్చేసినట్టేననుకున్నాను. మా శాఖ గురించి ఇన్నేళ్ళైనా నాకు తెలిసింది తక్కువేనండి.

తలుపులు వేసి గంటన్నర చర్చించారు. ఆ తీర్మానం నా చేత్తోనే టైపు చేశాను కాబట్టి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఉపసంచాలక మరియు ఆపై స్థాయి అధికారుల విషయమున మనోప్రవృత్తి జన్మసిద్ధమనియు, ఎట్టి చికిత్స చేతను మారునది కాదనియు సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడుచున్నది. తదితరుల విషయమున మార్పునకు అవకాశము కలదు."

"కిందివాళ్ళకి ప్రమోషన్ వస్తే ఎలాగండీ?" అంది ఎస్తేరు రాణి.

విశ్వంభరంగారు కళ్ళు మూసుకుని బాగా ఆలోచించారు. "పదోన్నతి ఉత్తర్వు అందిన తేదీ నుండి జన్మసిద్ధముగా పరిగణించవలెను."

అదీ చేర్చాం. ఆఖర్న మరో అంశం. పరీక్షకి ఎంపికైన కారణంగా తీవ్ర మనోవేదనకి గురైన భాస్కరంగారికి పూర్తి జీతంతో విశ్రాంతి సెలవు. ఆయనకి వైరు తగల్లేదు, కనీసం సంచీ లోంచి బయటికి కూడా తియ్యలేదు. ఆ ఊహకే సెలవిచ్చారు. రోజూ ఆ వైరు కట్టించుకుంటున్న పిల్ల పేరు తీర్మానంలో ఎక్కడా లేదు.

కోర్టులో జడ్జిగారు ఆ తీర్మానాన్ని రెండుసార్లు చదివారు. రెండోసారి చదివేటప్పుడు పెదాలు బిగబట్టుకున్నారు.

"ప్లీడరుగారూ, డ్రాయింగ్ టీచరు ఏ స్థాయిలోకి వస్తారండీ?"

ప్రభుత్వ ప్లీడరు ఫైలంతా తిరగేశాడు. "ప్రైవేటు స్కూలండి. ఏ స్థాయీ లేదండి."

"అధికారికి పుట్టుకతో వచ్చింది టీచరుకి రోగమెలా అయింది? ఇది వైద్యం కాదు. ఆ తాళం తీయించి, ఇవాళ మధ్యాహ్నానికల్లా ఆ అమ్మాయిని నా ముందుకి తీసుకురండి."

తెచ్చారు. నేను ఆ పిల్లని చూడటం అదే మొదలు. సన్నగా, చేతులు వెనక్కి దాచుకుని నిలబడింది. వరాహమూర్తిగారు కూతురి మొహంలోకి చూడలేక గోడకేసి చూస్తున్నారు.

"అమ్మా, నీకెక్కడ ఉండాలనుంది?" అన్నారు జడ్జిగారు.

"సత్యవేణి దగ్గరండి."

"సరే, వెళ్ళమ్మా."

అంతే! మా సంఘం నెలల తరబడి కూర్చుని, అన్ని పునుగులు తిని తేల్చలేనిది ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. ఆచార్యులుగారి కేంద్రం మూయించి, ఆయన మీద కేసు పెట్టమని కూడా అన్నారు. నాకు ఈల వెయ్యాలనిపించింది. ఈ వయసులో బాగుండదని ఊరుకున్నాను.

వరండాలోకి వచ్చాక సత్యవేణి పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయింది.

మధూలిక చెయ్యి ఒక్కసారిగా వెనక్కి లాక్కుంది. ఒళ్ళంతా ఉలిక్కిపడింది. మణికట్టుని రెండో చేత్తో మూసేసుకుని, తనకి తనే భయపడిపోయి, "నేను కాదు సత్యా, నేను కాదు, చెయ్యి దానంతటదే..." అంటూ ఏడ్చేసింది.

నా భుజం పక్కనే ఎవరో గుసగుసగా అన్నారు. "చూశారా మేడం? పనిచెయ్యదన్నారు కదా." ఆచార్యులుగారు. మొహంలో వెలుగు.

ఆయన్ని నేనేమన్నానో రాస్తే మీరు చదవలేరు. కోర్టు జవాను వచ్చి నన్ను పక్కకి తీసుకెళ్ళేదాకా అంటూనే ఉన్నాను. ఆయన వైర్ల సంచీ చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయారు.

నేను తిరిగొచ్చేసరికి సత్యవేణి బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన మనిషి పట్టేంత చోటు వదిలి, ఆ చివర మధూలిక. ఇద్దరి మధ్యా చెక్క మీద సత్యవేణి తన చెయ్యి వెల్లకిలా పెట్టి ఉంచింది. పట్టుకోమనలేదు. పొద్దస్తమానం జనాన్ని ఎక్కండెక్కండి, తొందరగా కదలండి అని తరిమే పిల్ల, గొంతు బాగా తగ్గించి, "కంగారేం లేదులే. నాకివాళ డ్యూటీ లేదు" అంటోంది.

స్తంభం పక్కన భాస్కరంగారు నిలబడి ఉన్నారు. సెలవులో ఉన్న మనిషి, ఎందుకొచ్చారో. ఆ చేతుల వంకే చూస్తున్నారు. మొహం ఆ రోజు పరీక్షకి తన పేరు మిగిలినప్పటి కంటే పాలిపోయి ఉంది.

కోర్టు టైమైపోయింది. జవాను తాళాల గుత్తి మోగించుకుంటూ వచ్చి, "లేవండమ్మా, వరండా మూసెయ్యాలి" అన్నాడు.

భాస్కరంగారు గబగబా వెళ్ళి వాడికి అడ్డంగా నిలబడ్డారు. మా శాఖ తరఫున గడువులడగడం ఆయనకి కొత్త కాదు, ఎన్నిసార్లడిగారో లెక్కలేదు. కానీ ఆ రోజు రెండు చేతులూ జోడించి అడిగారు.

"కొంచెం ఆగవయ్యా. ఆ పిల్లకి ఇంకాస్త గడువు కావాలి."